వంతు గంగాళం

నేను ఒక ఇత్తడి గంగాళాన్ని. చిన్నపిల్ల లోపలికి దిగి కూర్చుంటే తల కనబడనంత లోతు. రెండు పక్కలా పట్టుకోవడానికి కడియాలున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, నిండా ఉంటే నలుగురు. నాకున్నదంతా నోరే. మాట మాత్రం భగవంతుడు ఇవ్వలేదు. అందుకని పుట్టిన దగ్గర్నుంచి వినడమే నా పని అయింది. విన్నది ఇన్నాళ్లకు చెప్పుకుంటున్నాను. తొందర లేనివాళ్లు కాసేపు కూర్చోండి.

పెద్దాపురంలో గుర్రాలసావిడి వీధి అని ఒకటుంది. జమీందార్ల రోజుల్లో అక్కడ గుర్రాలు కట్టేవారట. నేను పుట్టేనాటికి గుర్రాలూ లేవు, సావిడీ లేదు, పేరు మాత్రం మిగిలింది. ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్లు. కొట్లలో గుమస్తాలు, బడిపంతుళ్లు, ఒక పురోహితుడు, కుట్టుమిషను పెట్టుకున్న అప్పలస్వామి, పాడి ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు. సగానికి పైగా అద్దెకున్నవాళ్లే.

ఆ వీధివాళ్లు ఏటా శ్రీరామనవమికి పందిరి వేసి పానకం పంచేవారు. పానకం కలపడానికి పక్కవీధిలో ఉన్న పెద్దింటి వాళ్ల గంగాళం అడిగి తెచ్చుకునేవారు. ఒక ఏడు అడగడానికి వెళ్తే, ఇంకా తోమలేదన్నారు. సాయంత్రం వెళ్తే, ఇంట్లో వాడుతున్నామన్నారు. మర్నాడు పొద్దున్న వెళ్లినవాళ్లకి అసలు తలుపే తియ్యలేదు. రాములవారి పానకం ఆ ఏడు బిందెల్లో, బకెట్లలో కలిపారు.

పందిరి విప్పుతుండగా నరసమ్మ అనే కొత్తకోడలు, అత్తగారు వారిస్తున్నా వినకుండా, చిల్లుపడ్డ మరచెంబు ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది. "దీన్ని కరిగించండి. మనకంటూ ఒకటి చేయించుకుందాం" అంది. ఒక్క మరచెంబుతో గంగాళం అవుతుందా అని నవ్వారు. నవ్వినవాళ్లే ఇళ్లలోకి వెళ్లి వెతికారు. పొద్దుగూకేసరికి అరుగు మీద కుప్ప పడింది. అడుగూడిన గిన్నె, కాడ విరిగిన గరిటె, నాలుక పోయిన గంట, మూత లేని కూజా. ఒకావిడ ఉగ్గుగిన్నె తెచ్చి పెట్టింది. దానికి సొట్టయినా లేదు. అది ఎందుకిస్తున్నావని ఎవరూ అడగలేదు.

అన్నీ గోనెసంచుల్లో కట్టి, సామర్లకోటలో రైలెక్కించి, గోదావరి దాటించి, ఇత్తడిపనికి పేరుపడ్డ అజ్జరం పంపారు. అక్కడ కొలిమిలో కరిగి, సుత్తిదెబ్బలు తిని నేనయ్యాను. కొలిమిలో పడ్డాక ఏది ఎవరి చెంబో, ఏది ఎవరి గంటో నాకే తెలియకుండా పోయింది. ఆ సంగతి నాకు తెలుసు గానీ వీధివాళ్లకి తెలియదు. నన్ను తోముతూ "ఈ మెరుపు మా అత్తగారి కూజాది" అని ఒకావిడ అనేది. "ఈ గట్టితనం ఎక్కడిదనుకున్నారు, మా గంటది" అని ఒకాయన అనేవాడు. మనుషులు ఇచ్చేటప్పుడు బాగానే ఇస్తారు. ఇచ్చింది మరిచిపోవడమే వాళ్లకి కష్టం.

నేను వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఎవరింట్లో ఉండాలి? ఇంటికో ఏడు వంతున ఉంచుకుందామన్నారు. బాగానే ఉంది. కానీ సొంతిళ్లవాళ్లలో ఒకాయన, "అద్దెవాళ్లకి వంతేమిటండీ? రేపు మూటాముల్లే సర్దుకుని పోతారు. గంగాళమూ వాళ్లతోనే పోతుంది" అన్నాడు. అద్దెవాళ్లకి కోపం వచ్చింది. ఇచ్చిన ఇత్తడి తిరిగిచ్చెయ్యమనే దాకా వెళ్లింది. చివరికి పురోహితుడు సోమయాజులు గారు తేల్చారు.

"మనిషి పోతాడయ్యా, గుమ్మం ఎక్కడికి పోతుంది? వంతు గుమ్మానిది. ఆ ఏడు ఆ గుమ్మంలో ఎవరుంటే వాళ్లే ఉంచుకుంటారు. ఉంచుకున్నవాళ్లు, ఎవరొచ్చి అడిగినా లేదనకూడదు. ఇంతే."

పాపం, గుమ్మాలు కూడా పోతాయని ఆయనకి తెలియదు.

అలా నా కాపురం మొదలైంది. ఏటా నవమినాడు పానకం అయిపోగానే నన్ను కడిగి, బొట్టు పెట్టి, పక్క గుమ్మానికి మోసుకెళ్లేవారు. పిల్లలు నా ఒంటి మీద దరువు వేస్తూ వెనకాల వచ్చేవారు. ఏడాది పొడుగునా పెళ్లిళ్లకీ, వ్రతాలకీ వెళ్లేదాన్ని. పిల్లలకి అమ్మవారు పోసి తగ్గాక వేపాకు నీళ్లు నాలోనే కాచేవారు. పుట్టిన బిడ్డకి మొదటి స్నానం నా నీళ్లతోనే.

ఒకసారి అప్పలస్వామి తండ్రి పోయాడు. ఆయన స్నానానికి నీళ్లు కాచాలని నన్ను అడిగారు. లేదనకూడదు గనక పంపారు. నెల తిరక్కుండా నవమి వచ్చింది. చావునీళ్లు కాచిన దాంట్లో రాములవారి పానకమా అని ఆడవాళ్లకి పెద్ద సందేహం. అందరూ కలిసి సోమయాజులు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన చాలాసేపు ఆలోచించారు.

"చింతపండు పెట్టి బాగా తోమి, ఓసారి నిప్పు చూపించండి. సరిపోతుంది."

"శాస్త్రంలో అలా ఉందాండీ?" అంది నరసమ్మ.

"శాస్త్రంలో గంగాళం సంగతి లేదమ్మా. మనమే చూసుకోవాలి."

ఆ నరసమ్మ కూతురే మాణిక్యాంబ. అందరూ మాణిక్యం అంటారు. ఆ అమ్మాయి పుట్టింది ఆ ఇంట్లోనే. మేనబావ విశ్వనాథాన్ని చేసుకోవడం వల్ల అత్తవారిల్లు కూడా అదే అయింది. అదీ అద్దె ఇల్లే. మాణిక్యం ఈడువాళ్లు చాలామంది ఉండేవారు. పక్కింటి శేషగిరి, ఎదురింటి శకుంతల, అందరికంటే కాస్త పెద్దవాడు గవర్రాజు. వాళ్ల దాగుడుమూతలకి నేనొక చోటుని. వాళ్ల రహస్యాలన్నీ నా కడుపులోనే ఉన్నాయి. భయపడకండి, చెప్పను.

పిల్లలు పెరిగారు, ఉద్యోగాలకి వెళ్లారు. అందులో వింతేమీ లేదు. ఒకరు పోతే ఆ గుమ్మంలోకి ఇంకొకరు వచ్చేవారు. నా వంతు నడుస్తూనే ఉండేది. నేను మాణిక్యం గుమ్మంలో ఉండగా రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చారు. అరుగులు పోయాయి, ముందుగదులు పోయాయి. మిగిలిన ముక్కల్లో కాపురం చేసేదెలాగని సొంతిళ్లవాళ్లు ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్లిపోయారు. తర్వాతి వంతు పక్కింటిది, అంటే శేషగిరి వాళ్లది. ఆ నవమికి వాళ్లింటికి తాళం. విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత అదీ అమ్మేశారు. అక్కడ మేడ లేచింది. కింద కొట్లు, పైన అద్దెగదులు.

మాణిక్యం ఫోను చేసేది. "శేషూ, గంగాళం వంతు నీది."

"వస్తానే, వచ్చి పట్టుకెళ్తాను. జాగ్రత్తగా ఉంచు."

ఆ ఉంచడం అలా సాగిపోయింది. ప్రతి నవమికీ మాణిక్యం నన్ను పెరట్లో తోమి, నా అడుగు తడిసేంత పానకం కలిపేది. మొగుడికో గ్లాసు, తనకో గ్లాసు. మిగతా రోజుల్లో నన్ను సొంతానికి ఒక్కసారీ వాడుకోలేదు. బియ్యం పోసుకోమని విశ్వనాథం అంటే, "మనది కాదండీ. వీధిది" అనేది.

"వీధి ఎక్కడుందే?" అనేవాడాయన. ఆవిడకి జవాబు తెలిసేది కాదు. నాకూ తెలియలేదు.

ఈ మధ్య ఆ ఇంటి యజమాని కూడా ఇల్లు పడగొట్టి మేడ కట్టుకుంటానని చెప్పాడు. మాణిక్యం వాళ్లకి సామర్లకోటలో రెండు గదుల వాటా దొరికింది. అదీ మేడ మీద. విశ్వనాథం టేపు పట్టుకెళ్లి మెట్లదారి కొలిచి వచ్చాడు.

"మాణిక్యం, మంచం విప్పి ఎక్కించొచ్చు. బీరువా తాళ్లు కట్టి లాగొచ్చు. నీ గంగాళం మాత్రం ఆ మెట్లు ఎక్కదు."

"మరెలాగండీ?"

"పాత ఇత్తడి కొట్టుకి ఇచ్చేద్దాం. వచ్చిందేదో గుళ్లో దీపానికి ఇద్దాం. రాముడి సొమ్ము రాముడికే చేరుతుంది."

"మా అమ్మ మరచెంబు ఒక్కటే అయితే మీరన్నట్టే ఇచ్చేద్దును. ఇంతమంది ఇచ్చింది నేనెలా అమ్ముతానండీ? నవమిలోగా ఎవరో ఒకరికి వంతు అప్పజెప్పాలి. అప్పజెప్పకుండా ఈ ఇల్లు దాటలేను."

ఆవిడ మొండితనం ఆయనకి తెలుసు. ఫోను తీసి తనే అందరినీ వెతికాడు. ఒకరి దగ్గర ఇంకొకరి నంబరు దొరికింది. వాట్సాప్‌లో ఒక గుంపు తయారైంది. "మన గుర్రాలసావిడి వీధి" అని పేరు పెట్టారు. పొద్దున్న లేస్తే అందులో పువ్వులు, దేవుడి బొమ్మలు, పాత ఫోటోలు. గంగాళం ఎవరు తీసుకుంటారని మాణిక్యం అడిగినప్పుడల్లా అందరూ నమస్కారం బొమ్మలు పెట్టేవారు. చివరికి నవమినాడు అందరూ పెద్దాపురం రావాలనీ, ఆ సంగతి అక్కడే తేల్చుకోవాలనీ అనుకున్నారు.

వచ్చారు. శేషగిరి విశాఖ నుంచి కారులో వచ్చాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తన ఇల్లున్న చోట కారు ఆపబోతే అక్కడ ఇడ్లీబండి అడ్డంగా ఉంది.

"ఏమ్మా, బండి కాస్త పక్కకి తియ్యి. ఇది మా ఇల్లు."

బండి దగ్గరున్న మనిషి పేరు లోవలక్ష్మి. మేడ వెనకాల రేకులగదిలో అద్దెకుంటోంది. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగి మేడ వైపు చూసింది.

"ఇల్లెక్కడుందండీ? షట్టరు కదండి."

"ఇప్పుడు కాదమ్మా, పూర్వం."

"పూర్వం అయితే బండి తియ్యక్కర్లేదు గదండి" అని నవ్వి, మళ్లీ తనే బండి పక్కకి లాగింది. "ఆయ్, పెట్టుకోండి. ఊరికే అన్నానండి."

హైదరాబాదు నుంచి శకుంతల వచ్చింది. గవర్రాజు కాకినాడలో ఇనుపసామాను కొట్టు పెట్టుకున్నాడు, అక్కణ్నుంచి వచ్చాడు. ఇంకా కొందరు వచ్చారు. సగం సామాను సర్దేసిన ఇంట్లో చాపలు వేసి కూర్చోబెట్టారు. నన్ను మధ్యలో పెట్టి, రాములవారి పటానికి పూజ చేసి, మాణిక్యం చాలా ఏళ్ల తర్వాత అంచు దాకా పానకం కలిపింది. వచ్చినవాళ్లంతా తాగుతారని ఆవిడ ఆశ.

"అబ్బే, నాకు షుగరే. ఓ గుక్క చాలు" అంది శకుంతల.

"నాకూ అంతే. తీర్థంలా చేతిలో వెయ్యి" అన్నాడు శేషగిరి.

గవర్రాజు గ్లాసు నిండా తీసుకున్నాడు గానీ ఆయన భార్య పక్కనుంచి చెయ్యి చాపి సగం ఒంపేసింది. అంచు దాకా ఉన్న పానకం అంచు దాకానే ఉంది.

తర్వాత కబుర్లు మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నం నేను విన్న కబుర్లు నా జన్మలో మరెప్పుడూ వినలేదు.

"ఈ గంగాళంలోనే గదుట్రా నేను ఇరుక్కుపోయింది! మా నాన్న ఆముదం రాసి బయటికి లాగాడు" అన్నాడు శేషగిరి, నా కడియం పట్టుకుని.

"నీ మొహం. ఇరుక్కుంది నేను. ఆముదమూ కాదు, కొబ్బరినూనె. నా పట్టులంగాకి జిడ్డు పట్టిందని మా అమ్మ నెల్లాళ్లు సాధించింది" అంది శకుంతల.

"మీరిద్దరూ కాదర్రా, మా తమ్ముడు. మీరు చుట్టూ చేరి ఏడ్చారంతే" అన్నాడు గవర్రాజు.

నిజానికి నాలో ఎవరూ ఇరుక్కోలేదు. నా మూతి అంత ఇరుకుది కాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం దాగుడుమూతలాడుతూ నాలో దాక్కున్న పిల్ల, చల్లగా ఉందని అక్కడే నిద్రపోయింది. వీధి వీధంతా నూతుల్లోకి తొంగిచూసి, ఏడ్చి, మొక్కుకుంది. ఆ పిల్ల మాణిక్యం. ఆవిడేమో ఈ మాటలు వినకుండా వచ్చినవాళ్లకి పులిహోర వడ్డిస్తోంది. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు అందరికీ అంత భయం వేసింది. ఆ భయం ఎవరికి వారికి తమ ఒంటికి జరిగినట్టే మిగిలిపోయింది.

దీపావళికి అప్పలస్వామి ఒకే తానులోంచి వీధి పిల్లలందరికీ చొక్కాలు, గౌన్లు కుట్టడం గుర్తు చేసుకున్నారు. జాతరలో తప్పిపోయినా ఆ గుడ్డ చూసి ఎవరో ఒకరు ఇంటికి చేర్చేవారట. శకుంతల వాళ్లమ్మ తులసికోట దగ్గర పాడితే ఎదురింట్లో గడియారం చూడకుండానే పొయ్యి వెలిగించేవారట. సోమయాజులు గారి నడక, ఆయన చేతికర్ర, ఆయన మామిడిపళ్లకి పెట్టే పేర్లు. నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. ఉగ్గుగిన్నె ఇచ్చినావిడ పేరు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. చాలాసేపు ప్రయత్నించి ఊరుకున్నారు. నాకు తెలుసు. కానీ ముందే చెప్పాను గదా, నాకు మాట లేదు.

"ఏమైనా ఆ రోజులే వేరు. ఆ మనుషులే లేరు. ఇప్పుడీ వీధిలో మనిషన్నవాడు లేడు" అన్నాడు శేషగిరి. అందరూ అవునన్నారు. అదే సమయంలో బయట మైకులో ఎవరో పరీక్ష చేస్తున్నట్టు ఊదుతున్నారు, పిల్లలు అరుస్తున్నారు, ఒక స్కూటరు హారను మోగుతూనే ఉంది. ఇంత మోత మధ్య కూర్చుని వీధిలో మనిషి లేడనుకోవడం నాకు విచిత్రంగా తోచింది.

మాణిక్యం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"కబుర్లు తర్వాత చెప్పుకుందాం. ముందు గంగాళం సంగతి తేల్చండి. శేషూ, వంతు నీది. తీసుకెళ్తావా?"

శేషగిరి నా వైపు చూశాడు, తర్వాత తన కారు వైపు. "ఫ్లాటులో ఎక్కడ పెట్టనే? మా కోడలు చెప్పుల స్టాండే తీసేయించింది."

"శకుంతలా?"

"లిఫ్టులో పట్టదే."

"మా ఆవిడకి నేను రెండో సంబంధాన్ని. మొదటిది ఈ గంగాళం. ఎవరైనా పుణ్యం కట్టుకుంటే ఇకనైనా నా కాపురం బాగుపడుతుంది" అన్నాడు విశ్వనాథం. అందరూ నవ్వారు. మాణిక్యం నవ్వలేదు.

అప్పుడు గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "నేనొక మాట చెప్తాను. కాకినాడలో నాకు తెలిసిన పనివాడున్నాడు. దీన్ని కరిగించి తలా ఒక చిన్న గ్లాసు చేయిద్దాం. మీద గుర్రాలసావిడి వీధి అని చెక్కిద్దాం. అందరి ఇళ్లలోనూ జ్ఞాపకంగా ఉంటుంది. చోటుకీ ఇబ్బంది లేదు."

"అద్భుతం!" అన్నాడు శేషగిరి. చప్పట్లు కొట్టారు. శకుంతల నన్ను ఆప్యాయంగా నిమిరింది. నా చావు ఖాయం చేసి ఇంత ప్రేమగా నిమిరే చెయ్యి నేనెన్నడూ చూడలేదు. నాకేమంత భయం వెయ్యలేదు. కరగడం నాకు కొత్త కాదు. కానీ మాణిక్యం ముఖం చూస్తే మాత్రం బాధ కలిగింది. వద్దనడానికి ఆవిడకి అధికారం లేదు. నేను ఆవిడ సొత్తు కాదు. ఆ మాట అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

"గ్లాసులైతే ఎవరు ఎవర్ని అడుగుతారు, గవర్రాజన్నయ్యా?" అంది చివరికి, మెల్లిగా.

"అడగడం దేనికి? ఎవరిది వాళ్లకుంటుంది గదా."

"అదే," అంది ఆవిడ.

అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నా నిండా పానకం అలాగే ఉంది. ప్రసాదం పారబొయ్యడానికి ఆవిడకి చేతులు రాలేదు. వీధిలోకి వెళ్లి, ఇడ్లీబండి దగ్గర నిలబడి, "అమ్మాయ్, పానకం ఉంది. మీ వాళ్లని కూడా రమ్మను" అని పిలిచింది.

లోవలక్ష్మి జగ్గు పట్టుకుని వచ్చింది. ఆవిడ వెనకాల సెల్‌ఫోన్ల కొట్టువాళ్లు, పై గదుల్లో చదువుకునే ఆడపిల్లలు, టైర్ల కొట్టు కరీం, ఒరిస్సా నుంచి వచ్చి నేలకి పలకలు వేసే పనివాళ్లు. గ్లాసులు, నీళ్లసీసాలు, బిందె కూడా. షుగరు మాట ఎవరూ ఎత్తలేదు. చూస్తుండగా పానకం సగానికి దిగింది.

"మిరియం బాగా తగిలిందండి" అంది లోవలక్ష్మి, మూతి తుడుచుకుని. "ఎంత గంగాళమండీ! మేం ప్రతేడూ డ్రమ్ములో కలుపుతామండి. రంగులకొట్టువాళ్లిచ్చారు. ఎంత కడిగినా పెయింటు కంపేనండి."

"మీరు కలపడమేమిటి?" అన్నాడు శేషగిరి.

"నవమి పందిరండి. అదిగో, కరీం గారి కొట్టు ముందు వేశాం గదండి. సాయంత్రం భజన. మైకు వినబళ్లేదాండి?"

మాణిక్యం తెల్లబోయింది. "అది మీ పందిరా? కొట్లవాళ్లేదో చేసుకుంటున్నారనుకునేదాన్ని."

"కొట్లవాళ్లమే గదండి. మిమ్మల్నీ పిలుద్దామనుకునేవాళ్లమండి. మీరు పెరట్లో తలుపేసుకుని పూజలో ఉంటారు గదండి, ఎందుకులే అని."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకేనేమో మాణిక్యం కాసేపు తల ఎత్తలేకపోయింది. ఇన్నేళ్లూ గోడకి ఇవతల ఆవిడ, అవతల వాళ్లు ఒకే రాముడికి పానకం కలిపారు. మనుషులే ఎదురుపడలేదు. రాములవారు మాత్రం ఏటా రెండు చోట్లా పుచ్చుకునే ఉంటారు. పుచ్చుకుని, వీళ్లకెప్పుడు తెలుస్తుందా అని చూస్తూ కూర్చుని ఉంటారు.

"శేషూ," అంది మాణిక్యం. "మనం పొరపాటు పడ్డామేమోరా. నేను ఇన్నాళ్లూ నిన్ను వెతికాను. వంతు నీది కాదు, మీ గుమ్మానిది."

"మా గుమ్మమే లేదు గదే."

"గుమ్మం లేదు. ఆ చోట మనుషులున్నారు." ఆవిడ లోవలక్ష్మి వైపు తిరిగింది. "అమ్మాయ్, మీరుండేది ఆ మేడలోనేగా? ఈ ఏడు దీని వంతు మీది."

చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. శకుంతల గొంతు తగ్గించి, "నీకేమైనా మతిపోయిందా? ఎవరో ఏమిటో. రేపు అమ్మేసుకుంటే?" అంది.

"అమ్ముకుంటే అమ్ముకోనీ. మనం కరిగించేద్దామనుకున్నాం గదే."

లోవలక్ష్మి జగ్గు కింద పెట్టి, చేతులు పైటకి తుడుచుకుంది.

"అమ్మగారండి, తర్వాత తెలిసి బాధపడకూడదని చెప్తున్నానండి. మేం ఆదివారం నీసు వండుకుంటామండి. రాములవారి గంగాళం మా దగ్గరుండొచ్చాండి?"

మాణిక్యం ఏకాదశి ఉపవాసాలూ, మడీ, పట్టింపూ నాకు తెలుసు. అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు. ఆవిడ ఒకసారి రాములవారి పటం వైపు చూసింది. పటం కూడా ఏమీ చెప్పలేదు.

"నాకూ తెలీదమ్మా," అంది చివరికి. "తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నవమికి ముందు చింతపండు పెట్టి తోముకో. నీకు మనసొప్పకపోతే ఓసారి నిప్పు చూపించు. మీ వంటసంగతి నేనడగను. ఎవరొచ్చి అడిగినా మాత్రం లేదనకు. వచ్చే నవమికి ఆ పక్క గుమ్మానికి పంపు."

"పక్కది కరీం గారి కొట్టండి."

"ఆయన మోస్తానంటే ఆయనకే పంపు."

"మోయడానికేం అమ్మా, లారీ టైరే మోస్తాను" అన్నాడు కరీం తలుపు దగ్గర నుంచి.

గవర్రాజు తన గ్లాసులు పోయినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అయినా లేచి, "కడియం ఒకటి వదులైంది, బిగించి ఇస్తాను, ఉండండి" అన్నాడు.

మిగిలిన పానకం పందిట్లోకి పోయింది. నన్ను కడిగి బొట్టు పెట్టారు. ఒక కడియం లోవలక్ష్మి పట్టుకుంది. రెండోది కరీం పట్టుకోబోతే శేషగిరి అడ్డం వచ్చాడు. "మా ఇంటి దాకా నేను మోస్తాను" అన్నాడు. మోకాళ్లు నొప్పి, రెండుసార్లు దింపాడు. ఎవరూ తొందర పెట్టలేదు. మేడ దగ్గర పసుపు రాయడానికి గడప లేదు. మాణిక్యం కాసేపు వెతికి, ఇనుపషట్టరుకే ఒక బొట్టు పెట్టింది. ఆ సాయంత్రం ఆవిడ పందిట్లో కూర్చుని భజన అయ్యేదాకా కదల్లేదు.

రెండు రోజుల తర్వాత సామాను ఆటో ఎక్కించుకుని వాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆటో ఆపించి, మాణిక్యం దిగి వచ్చి, నాలోకి తొంగి చూసింది. కింద కొంచెం నీళ్లున్నాయి. అందులో తన ముఖం చూసుకుని వెళ్లింది.

ఇప్పుడు నేను మేడ మెట్ల కింద ఉంటున్నాను. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. లోవలక్ష్మి ఉదయం బండి సర్దుకుంటూ నన్ను ఒకసారి తుడిచేది, అంతే. తనదో కాదో తేల్చుకోలేనట్టుండేది. వైశాఖం ఎండలు ముదిరాక మేడ బోరు ఎండిపోయింది. మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చింది. ప్లాస్టిక్ బిందెలు, టిన్నులు, గొట్టం నాదంటే నాదని తోపులాట. పై గదిలో అద్దెకున్న కొత్త కాపురం పిల్ల, చంకలో బిడ్డతో, గొడవలోకి రాలేక మెట్ల దగ్గర నిలబడిపోయింది. లోవలక్ష్మి అది చూసింది. ఎవరితోనూ ఏమీ అనకుండా నన్ను దొర్లించుకుంటూ రోడ్డు మీదికి తెచ్చి, గొట్టం లాగి నాలో పెట్టింది.

"ముందు ఇది నిండనివ్వండి. తర్వాత అందరూ ఇందులోంచే ముంచుకోండి, నెమ్మదిగా. ఆ పిల్లని ముందు ముంచుకోనివ్వండి" అంది.

ట్యాంకరు మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంత గంగాళం ఎవరిదమ్మా, నీదా?"

"వీధిదంటండి" అంది లోవలక్ష్మి.

ఆ మాట అన్నాక ఆవిడ కూడా ఒకసారి నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు.